కారు జాతకం చూశారా?

"అదిగోనే, ఆ నీలం కారు చూడు! ఎంత ముద్దుగా ఉందో! పక్కవాటికంటే ధర కూడా బాగా తక్కువ" అన్నాను ఉత్సాహంగా.

మా చెల్లెలు కారు వంక చూడనైనా చూడలేదు. "ధర తర్వాత చూద్దువుగాని అక్కా. ముందు ఆ అద్దానికి అంటించిన ఎర్ర కాగితం చూడు" అంది.

2024 వేసవిలో సంగతి ఇది. చెల్లెలి పురిటికని కాలిఫోర్నియా వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అంతదూరం విమానంలో కూర్చోలేనంటే ఆ బాధ్యత నామీద పడింది. అక్కడ ఇంటికి ఒకటే కారుంటే ఇంటిపట్టున ఉండే ఆడదానికి కాళ్ళు లేనట్టే. మా మరిది కారేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతే, రేపు పసిబిడ్డకి ఒళ్ళు వెచ్చబడినా సాయంత్రందాకా ఆయన కోసం ఎదురు చూడాల్సిందే. అందుకే పురుడు ఇంకా నెల ఉందనగా రెండో కారు కోసం బయల్దేరారు. కొత్తది కొనే స్తోమత లేదు. పాత కార్లమ్మే డీలర్ల దగ్గరికి వాళ్ళతోపాటు నేనూ వెళ్ళాను. కథలు రాసుకునేదాన్ని, కారు గురించి నాకు తెలిసిందల్లా దాని రంగొక్కటే!

దగ్గరికెళ్ళి ఆ ఎర్ర కాగితం చదివాను. పైన పెద్దక్షరాలతో 'హెచ్చరిక' అని ఉంది. ఈ కారుని ఇన్సూరెన్స్ కంపెనీ పూర్తి నష్టం కింద రాసేసి ఉండొచ్చు, లేదా తుక్కు కొనేవాళ్ళ చేతుల్లోంచి వచ్చి ఉండొచ్చు, లేదా దాని హక్కుపత్రం మీద విలువనీ భద్రతనీ దెబ్బతీసే ముద్ర ఏదో పడి ఉండొచ్చు, కంపెనీ వారంటీకి కూడా ఇబ్బంది రావచ్చు, చరిత్ర రిపోర్టు చూపించమని డీలర్ని అడగండి... ఇదీ దాని సారాంశం.

నాకు ఆశ్చర్యమేసింది. మన దగ్గర వంకాయలమ్మేవాడు పుచ్చులన్నీ అడుక్కి తోసి, నిగనిగలాడేవి పైన పేరుస్తాడు. ఇక్కడ అమ్మేవాడే తన సరుకు మీద 'ఇది పుచ్చు' అని చీటీ అంటించాడేమిటి? ఇంత సత్యహరిశ్చంద్రులా వీళ్ళు?

"హరిశ్చంద్రులూ కాదు, పాడూ కాదు. ఈ రాష్ట్రంలో చట్టం అలా ఉంది. అంటించకపోతే వాడి మెడకే చుట్టుకుంటుంది" అంది చెల్లి. కాసేపాగి, "ఇదే చట్టం నేను చదువుకున్న చోట కూడా ఉండుంటే, నాకు ఆ రాత్రి వచ్చేదే కాదు" అంది.

ఏ రాత్రి? ఆరేళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు ఇంటికెళ్ళాక, పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చుని, మెల్లగా చెప్పింది.

సెంటు వాసనేసిన కారు

2018 జనవరిలో చెల్లి టెక్సాస్ లో ఎమ్మెస్ లో చేరింది. గది ఒకచోట, కాలేజీ ఒకచోట. బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు. రాత్రి తొమ్మిదింటికి లేబొరేటరీలో పని ముగించుకుని రావాలంటే ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. మార్చిలో ఇక లాభం లేదని, రోడ్డు పక్కన పది పన్నెండు కార్లు పెట్టుకుని అమ్మే చిన్న డీలర్ దగ్గర ఒక కారు కొంది. 4,800 డాలర్లు. అందులో సగం, అమ్మ తన రెండు పేటల గొలుసు బ్యాంకులో పెట్టి పంపినవి.

కారు తళతళా మెరిసిపోతోంది. తలుపు తియ్యగానే గుప్పున సెంటు వాసన. 'ఎంత శుభ్రంగా వాడుకున్నారో!' అనుకుందట పిచ్చిపిల్ల. కిటికీకి ఒక కాగితం అంటించి ఉంది. అన్ని కార్లకీ ఉన్నదే కదా అని చదవలేదు. డీలర్ వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది.

రెండు నెలలు బాగానే నడిచింది. ఓ రాత్రి స్నేహితురాల్ని విమానాశ్రయంలో దింపి వస్తుంటే, హైవే మీద ఉన్నట్టుండి ముందున్న దీపాలన్నీ ఆరిపోయాయి. ఇంజను ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బరువెక్కింది. వెనకనుంచి ఇంతింత లారీలు హోరుమంటూ వస్తున్నాయి. ఎలా తిప్పిందో ఏమో, ఆ ఊపులోనే కారుని రోడ్డు పక్కకి లాగి, దిగి, గడ్డిలో దూరంగా నిలబడింది. పోలీసులు వచ్చేదాకా ఒక్కతీ, ఆ చీకట్లో! "అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నా అక్కా. చేస్తే ఏం చెప్పాలి? అందుకే చెయ్యలేదు" అంది.

మర్నాడు మెకానిక్ కార్పెట్ ఎత్తి చూపించాడు. కింద ఎండిపోయిన ఒండ్రు. వైర్లు కలిసే చోటల్లా పచ్చగా చిలుము. "హార్వీలో మునిగిన కారు" అన్నాడు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్ నగరాన్ని ముంచెత్తింది. వాకిళ్ళలోనూ వీధుల్లోనూ ఉన్న కార్లు ఉన్నట్టే నీటిపాలయ్యాయి. మెకానిక్ కారు నంబరు కంప్యూటర్లో కొట్టి రిపోర్టు తీశాడు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ కారుని పూర్తి నష్టం కింద రాసేసిన సంగతి అందులో స్పష్టంగా ఉంది. ఆ రిపోర్టుకి అయిన ఖర్చు పది డాలర్ల లోపు!

డీలర్ దగ్గరికి వెళితే, "సంతకం పెట్టావుగా" అని కిటికీ మీది కాగితం నకలు చూపించాడు. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న గడిలో టిక్కు. అంటే తర్వాత ఏ రిపేరు వచ్చినా డీలర్ కి సంబంధం లేదని. అదే కాగితంలో కొంచెం కింద ఇంకో మాట ఉంది. కొనేముందు ఈ కారు చరిత్ర తెలుసుకోండి అని.

"గొలుసు డబ్బు పోయినందుకు కాదక్కా నేనేడ్చింది. ఆ మాట నా కళ్ళముందే ఉంది. నేను చదవలేదు."

ఫిర్యాదు చేసే దారులున్నాయని అప్పుడు దానికి తెలీదు. చెప్పినవాళ్ళూ లేరు. వీసా మీద ఉన్న పిల్ల, పోలీసులూ కోర్టులూ అంటే భయం. నోరు మూసుకుని ఊరుకుంది. సెలవుల్లో పని చేసి గొలుసు విడిపించింది.

కిటికీ మీది కాగితం

ఆ కాగితం పేరు 'బయ్యర్స్ గైడ్'. కొనేవారికి దారి చూపేదన్నమాట. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ పెట్టిన నిబంధన ఇది. 1985 నుంచి అమల్లో ఉంది. ఏడాదికి అయిదుకంటే ఎక్కువ పాత కార్లు అమ్మే ప్రతి డీలరూ అమ్మకానికి పెట్టిన ప్రతి కారుకీ దీన్ని అంటించాలి. (సొంత నిబంధనలున్న రెండు రాష్ట్రాలకి మాత్రం మినహాయింపు.) వారంటీ ఉందా లేదా, ఉంటే రిపేరు ఖర్చులో డీలర్ ఎంత శాతం పెట్టుకుంటాడు అన్నది అందులో రాయాలి. బేరం స్పానిష్ లో జరిగితే కాగితమూ స్పానిష్ లోనే ఇవ్వాలి. ఇందులో ఉన్నది కొనుగోలు ఒప్పందంలో భాగం. ఒప్పందంలో ఒకటీ ఇందులో ఒకటీ ఉంటే ఇదే చెల్లుతుంది. అంత విలువైన కాగితాన్ని మనం ధరల చీటీ అనుకుని వదిలేస్తాం!

మరి కారు చరిత్ర మాటేమిటి? ఇక్కడే ఉంది మెలిక. 2014లో ఈ నిబంధన సవరించబోతూ కమిషన్ ఒక ఆలోచన చేసింది. డీలర్ తన దగ్గర చరిత్ర రిపోర్టు ఉంటే ఆ సంగతి కాగితం మీది గడిలో టిక్కు పెట్టి చెప్పాలి, అడిగినవారికి నకలివ్వాలి అని. ఒక్క గడి! ఎందుకోగాని 2016 నవంబరులో తుది నిబంధన వచ్చేసరికి ఆ గడి లేదు. దాని బదులు 'చరిత్ర తెలుసుకోండి, కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలేమైనా ఉన్నాయేమో చూసుకోండి' అన్న సలహా చేరింది. 2017 జనవరి 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. మిగిలిపోయిన పాత కాగితాలు వాడుకోవడానికి డీలర్లకి మరో ఏడాది గడువిచ్చారు.

అంటే ఏమైంది? చూపించాల్సిన బాధ్యత డీలర్ మీదినుంచి జారి, వెతుక్కోవాల్సిన బాధ్యత కొనేవాళ్ళ మీద పడింది. అడిగినప్పుడు డీలర్ అబద్ధం చెబితే అది మోసమే, దానికి వేరే చట్టాలున్నాయి. కానీ తనంతట తాను రిపోర్టు తీసి చూపించాలని ఈ దేశవ్యాప్త నిబంధన చెప్పదు. మా చెల్లిలాంటి, ఊరుగాని ఊళ్ళో మొదటి కారు కొనుక్కునే పిల్లకి ఆ తేడా ఎంతదో చూశారుగా!

పదిహేడు అక్షరాల జాతకం

పెళ్ళి సంబంధం వస్తే మనం ఏం చేస్తాం? ఫొటో బాగుందని ఊరుకుంటామా? వాళ్ళ ఊళ్ళో, ఆఫీసులో, ఆఖరికి పాలవాణ్ణి కూడా వాకబు చేస్తాం. కారుకి ఆ వాకబంతా ఒక్క నంబరుతో అవుతుంది. దాన్ని 'విన్' నంబరంటారు. 1981 మోడల్ నుంచి ఈ నంబరు 17 అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటుంది. డ్రైవరు వైపు ముందద్దం మూల బయటనుంచే కనిపిస్తుంది. డ్రైవరు తలుపు తీస్తే ఆ అంచున కూడా ఉంటుంది. ఈ రెండు చోట్లా, కాగితాల్లోనూ ఒకే నంబరు ఉండాలి. తేడా ఉంటే ఆ సంబంధం మనకొద్దు!

1992లో కార్ల దొంగతనాలు అరికట్టడానికి అమెరికాలో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం అన్ని రాష్ట్రాల కార్ల హక్కుపత్రాల వివరాలూ ఒకేచోట చేర్చే జాతీయ వ్యవస్థ ఏర్పడింది. పొడుగాటి పేరులే, పొట్టిగా ఎన్.ఎం.వి.టి.ఐ.ఎస్. అంటారు. న్యాయశాఖ పర్యవేక్షణలో నడుస్తుంది. 2009 నుంచి మామూలు జనం కూడా చూడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీలూ, తుక్కు యార్డులూ తమ దగ్గరికొచ్చిన కార్ల సంగతి దీనికి చెప్పి తీరాలన్నదీ ఆ ఏడాది నుంచే అమలైంది.

ఎందుకింత హడావుడి? అక్కడ మన ఆర్.సి. లాంటి హక్కుపత్రాన్ని 'టైటిల్' అంటారు. కారు వరదలో మునిగితేనో, నుజ్జయిపోతేనో దానిమీద ముద్ర వేస్తారు. కొందరు ఘనులు అలాంటి కారుని వేరే రాష్ట్రం తీసుకెళ్ళి, అక్కడి లొసుగులు వాడుకుని ముద్ర లేని కొత్త టైటిల్ పుట్టిస్తారు. దీన్ని 'టైటిల్ ఉతకడం' అంటారట! చీర మీద మరక ఉతికినట్టు కారు మీద మచ్చ ఉతికేస్తారన్నమాట. జాతీయ రిపోర్టులో మాత్రం పాత రాష్ట్రంలో పడిన ముద్ర కూడా కనిపిస్తుంది. మా చెల్లి కారు విషయంలో జరిగింది అదే. చేతికిచ్చిన టైటిల్ కడిగిన ముత్యం. రిపోర్టులో మాత్రం అసలు కథ.

కాలిఫోర్నియా ఏం చేసిందంటే, సలహా దగ్గర ఆగలేదు. 2012 జులై 1 నుంచి అక్కడ ఏ డీలరైనా పాత కారుని అమ్మకానికి పెట్టేముందే ఈ జాతీయ రిపోర్టు తీయించాలి. అందులో తుక్కు అనో, పూర్తి నష్టం అనో, టైటిల్ మీద ముద్ర ఉందనో తేలితే ఎర్ర కాగితం అంటించాలి. ఎక్కడపడితే అక్కడ కాదు, బయ్యర్స్ గైడ్ దగ్గర్లోనే, నల్లటి బొద్దు అక్షరాలతో. నేను మురిసిపోయిన నీలం కారు మీదున్నది అదే.

ఒకే దేశం, ఒకే రిపోర్టు. ఒకచోట అది కంప్యూటర్లో దాగి ఉండిపోయింది. ఇంకోచోట ఎర్రగా కళ్ళముందు నిలబడింది. తేడా అల్లా, తెలిసినవాడు చెప్పి తీరాలన్న ఒక్క నియమం.

జాతకం చెప్పనివి

"ఎర్ర కాగితం లేదుగా, ఈ తెల్లకారు తీసేసుకుందాం" అన్నాను నేను రెండో డీలర్ దగ్గర. మళ్ళీ చీవాట్లే!

జాతకాలు కలిసినంత మాత్రాన కాపురం చక్కబడుతుందా? రిపోర్టూ అంతే. ఇన్సూరెన్స్ లేని కారు మునిగితే ఎవరికీ చెప్పరు, ఎక్కడా ఎక్కదు. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఆ ఏడాది మోడల్, అంతకుముందు నాలుగేళ్ళ మోడళ్ళ సంగతే చెప్పాలని చట్టంలో ఉంది. అంతకంటే పాతవి జారిపోవచ్చు. పూర్తి నష్టం దాకా పోని యాక్సిడెంట్లూ, రిపేర్లూ ఈ జాతీయ రిపోర్టులో ఉండవు. అవి కావాలంటే కార్ఫాక్స్, ఆటోచెక్ లాంటి ప్రైవేటు కంపెనీల రిపోర్టులు చూడాలి. వాటి ధర ఎక్కువ. వాటిలోనూ ఎవరో చెబితేనే ఎక్కుతుంది. బాడీషాపువాడు నోరు మూసుకుంటే రిపోర్టూ మూగదే.

ఇక కంపెనీ తయారీలోనే లోపం ఉండి, మేమే బాగుచేసిస్తాం తీసుకురండని వెనక్కి పిలిచే కార్లుంటాయి. ఆ సంగతీ ఈ జాతీయ రిపోర్టులో ఉండదు. రహదారి భద్రతా సంస్థ వెబ్ సైట్లో విన్ నంబరు కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు. ఈ మాట దగ్గర చెల్లి ఒక తల్లి కథ చెప్పింది. 2004లో కాలిఫోర్నియాలో రేచల్, జాక్వెలిన్ హౌక్ అనే అక్కచెల్లెళ్ళు అద్దె కారులో వెళుతూ ప్రమాదంలో చనిపోయారు. ఒకరికి 24, ఒకరికి 20 ఏళ్ళు. కంపెనీ వెనక్కి పిలిచినా బాగుచేయించకుండానే అద్దెకిచ్చిన కారది. వాళ్ళమ్మ కడుపుకోతని దిగమింగుకుని ఏళ్ళ తరబడి చట్టం కోసం పోరాడింది. చివరికి 2015లో చట్టమైంది. దానికి ఆ ఇద్దరు కూతుళ్ళ పేర్లే పెట్టారు. 2016 జూన్ నుంచి అలాంటి కార్లు బాగుచెయ్యకుండా పెద్ద కంపెనీలు అద్దెకివ్వకూడదు. కానీ పాత కార్లమ్మే డీలర్లకి ఆ చట్టం వర్తించలేదు! అద్దెకివ్వకూడని కారు అమ్మొచ్చట. అందుకే మనమే చూసుకోవాలి.

ఆ సాయంత్రం మా చెల్లి చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. నిండు నెలలతో, ఫ్లాష్ లైటు పట్టుకుని తెల్లకారులో కూర్చుంది. సీటు బెల్టుని మొత్తం బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూసింది. సీటు కింది పట్టాల్లో వేలు పెట్టింది. డిక్కీలో స్టెప్నీ ఎత్తించి కింద చూసింది. అద్దాలన్నీ మూయించి వాసన చూసింది. సెంటు వాసనేస్తే కిందికి దిగిపోయేదే!

డీలర్ మాత్రం ఏం చెప్పినా మా మరిదికే చెబుతున్నాడు. ఆయన నవ్వి, "కారు ఆవిడది. ఆవిడకి చెప్పండి" అన్నాడు. అప్పుడు చెల్లి మూడే మూడు మాటలడిగింది. "జాతీయ రిపోర్టు నకలివ్వండి. మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించుకోవచ్చా? మీరు నోటితో చెప్పిన వారంటీ బయ్యర్స్ గైడ్ మీద రాసివ్వండి." మొదటిదానికి నకలు తెచ్చిచ్చాడు. రెండోదానికి సరేనన్నాడు. మూడోదానికి తల గోక్కుని, చివరికి రాశాడు. అదే పని అంతకుముందు డీలర్ చెయ్యనన్నాడు. చెయ్యనన్నప్పుడే మేం లేచొచ్చేశాం.

"కొన్నాక మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చు కదా?" అన్నాను నేను ఎక్కడో విన్నట్టు. డీలర్ దుకాణంలో కొన్న కారుకి అలాంటి హక్కు దేశవ్యాప్తంగా ఏమీ లేదట. రాష్ట్రం ఇస్తేనో, డీలర్ రాసిస్తేనో తప్ప. చాలామంది మనవాళ్ళు ఉందనుకుని మోసపోతారు.

ఇంకో మాట. ఈ నిబంధనలన్నీ డీలర్లకే. మనిషికీ మనిషికీ మధ్య జరిగే అమ్మకాలకి బయ్యర్స్ గైడూ లేదు, ఎర్ర కాగితమూ లేదు. అది కనిపెట్టి కొందరు డీలర్లు 'నా సొంత కారే' అంటూ పార్కింగుల్లో పెట్టి అమ్ముతారు. టైటిల్ మీది పేరూ, అమ్మేవాడి గుర్తింపు కార్డు మీది పేరూ ఒకటేనా అని చూస్తే చాలు, బండారం బయటపడుతుంది.

ఇక మన సంగతి

పాపాయికి మూడో నెల రాకముందే తిరిగొచ్చేశాను. వచ్చిన కొన్నాళ్ళకే, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. ఇళ్ళ ముందు కార్లు కప్పుదాకా నీళ్ళలో ఉన్న దృశ్యం చూసి నాకు మొదట గుర్తొచ్చింది మా చెల్లి కారు కార్పెట్ కింది ఒండ్రే. ఈ కార్లన్నీ ఏమవుతాయి? కొన్ని తుక్కుకి. మిగతావి కడిగి, తుడిచి, సెంటు కొట్టించుకుని ఏ ఊళ్ళోనో ఏ చెల్లెలి ముందో నిలబడతాయి కదా!

మన ఆర్.సి. మీద 'వరదలో మునిగింది' అనే ముద్ర ఉండదు. కేంద్రం 2022 డిసెంబరులో పాత వాహనాలమ్మే డీలర్లకి నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డీలరు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. మనం కారు డీలర్ కి అప్పగిస్తే ఆ సంగతి ఆన్ లైన్లో తెలపాలి. మంచిదే. దొంగ బళ్ళూ, పేరు మార్చని బళ్ళూ తగ్గుతాయి. కానీ ఈ కారు మునిగిందా, గుద్దుకుందా అన్నది రాసి అంటించాలన్న మాట మాత్రం అందులో లేదు. మనకి ఎర్ర కాగితం ఇంకా రాలేదు.

వచ్చేదాకా మన జాతకం మనమే రాసుకోవాలి. దానికీ దారులున్నాయి.

* రిజిస్ట్రేషన్ నంబరుతో పరివాహన్ వెబ్ సైట్లో గానీ ఎం పరివాహన్ యాప్ లో గానీ చూడండి. బండి వయసు, ఎన్నో యజమాని, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ అప్పు ఉందా అన్నవి తెలుస్తాయి. పాత చలాన్లు కూడా చూసుకోండి.

* పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి, అందులో 'నో క్లెయిమ్ బోనస్' ఎంతుందో చూడండి. ఏ క్లెయిమూ లేకుండా ఉంటే ఇది 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 శాతం దాకా పెరుగుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఒకరి చేతిలోనే ఉన్న కారుకి బోనస్ సున్నా అయితే, ఎందుకు క్లెయిమ్ చేశారని అడగండి. మనదేశంలో ఇంత చవగ్గా దొరికే జాతకం ఇంకోటి లేదు. అయితే ఆ బోనస్ యజమానిది, కారుతోపాటు మనకి రాదు.

* కంపెనీ సర్వీసు సెంటర్లో ఆ బండి సర్వీసు రికార్డు యజమాని చేతే అడిగించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లో వరసగా ఉంటుంది. నిరుడు 80 వేలు తిరిగిన కారు మీటరు ఇప్పుడు 50 వేలు చూపిస్తుంటే సంగతి అర్థమైపోతుంది.

* అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం, ఫారం 35 లేకుండా బయానా ఇవ్వకండి. వేరే రాష్ట్రం బండయితే అక్కడి ఆఫీసు నిరభ్యంతర పత్రం, అదే ఫారం 28 ఉండాలి. ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టకండి, పెట్టించుకోకండి.

* సొంత మెకానిక్ కి చూపించండి. కార్పెట్ ఎత్తించండి. సీటు బెల్టు మొత్తం లాగించండి. హెడ్ లైటు లోపల చెమ్మ పట్టిందేమో చూడండి. అమ్మేవాడు వద్దంటే దండం పెట్టి వచ్చెయ్యండి.

* 'ఈ బండి వరదలో మునగలేదు, పెద్ద యాక్సిడెంట్ కాలేదు' అని డీలర్ చేత కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. మన ఎర్ర కాగితం అదే! రాయనన్నాడంటే అదీ ఒక జవాబే. రాసి మోసం చేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్ లైన్ 1915కి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెబుతారు.

అమెరికాలో పిల్లలున్న తల్లులకి ఒక్క మాట. 'కారు కొంటున్నా, డబ్బు పంపమ్మా' అని ఫోనొస్తే, 'ఏ రంగు?' అని అడగకండి. 'రిపోర్టు తీశావా? కిటికీ మీది కాగితం చదివావా?' అని అడగండి. ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు ప్రశ్నలూ తెలుగులో అడగొచ్చు!

మొన్న చెల్లి ఫొటో పంపింది. తెల్లకారులో వెనక సీట్లో, పసిపిల్లల సీటులో నా మేనకోడలు బోసినవ్వు నవ్వుతోంది. కింద ఒక్క వాక్యం రాసింది. "అక్కా, కారు గురించి అమ్మకి చెప్పాను. గొలుసు సంగతి కూడా."

అమ్మ ఏమందో తెలుసా? "పోతే పోయిందిలే గొలుసు. నాకా రాత్రి ఫోన్ చేసుంటే బాగుండేది" అందట.